పెనం వాడి బాతుబూర

మా బావ హోయిట్‌కు రెండు గట్టి నమ్మకాలు. ఆర్కన్సాలో దిగే ప్రతి బాతూ తనను అడిగే దిగుతుందన్నది మొదటిది. నేను బూర నోట పెడితే దిగబోయే బాతు కూడా లూసియానా దాకా పోయి గాని వెనక్కి తిరిగి చూడదన్నది రెండోది. మొదటిది పచ్చి అబద్ధం. రెండో దాని సంగతి అడక్కండి.

హోయిట్ నా భార్య నెల్డాకు అన్న. అతనూ, నేనూ, ఆర్లిస్ అనే రిటైరైన పోస్ట్‌మాన్, హోయిట్ కుక్క బిస్కెట్, ఈ నలుగురం ముప్పై ఏళ్లుగా హిక్‌మన్ మడుగులో ఒకే మాటులో కూచుని బాతుల్ని వేటాడుతున్నాం. నీళ్లలో నిలబడ్డ చెట్ల మధ్య గుంజలు పాతి కట్టిన చెక్క గూడు అది. ముందు ఒక పొడుగు బల్ల, బల్ల చివర ఒక సైప్రస్ మొద్దు. ఆ మొద్దు మీద కూచున్నవాడే బూర ఊది బాతుల్ని కిందికి పిలవాలి. మిగతావాళ్లు తుపాకులు పట్టుకుని నోరు కట్టుకుని ఉండాలి. ఒకడు మాత్రం వెనక మూల పొయ్యి ముందు గొంతుక్కూచుని అందరికీ బొలోనా మాంసం ముక్కలూ గుడ్లూ వేయించాలి.

ఆ ఒకడు పద్నాలుగేళ్లుగా నేనే.

మాటు గోడ మీద హోయిట్ తండ్రి కాల్చిన ఇనుప కడ్డీతో రెండు కట్టుబాట్లు రాసిపెట్టి పోయాడు. తన చేత్తో తాను చెయ్యని బూర ఇక్కడ ఎవడూ ఊదకూడదన్నది ఒకటి. మొద్దు గెలుచుకున్నవాడు, పందెం గడువు దాటేలోపే, తన పేరు చెప్పి, తీసుకుంటున్నానని సాక్షి ముందు పైకి అనాలన్నది రెండోది. పద్నాలుగేళ్ల కిందట నేను అంగట్లో కొన్న ప్లాస్టిక్ బూర కోటులో దాచి తీసుకొచ్చి, ఆపుకోలేక ఊదేశాను. దిగబోతున్న రెండొందల బాతులు గాలిలోనే నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకుని వెళ్లిపోయాయి. వాటిలో ఒకటి రెక్కతో చెవి మూసుకుందని హోయిట్ నేటికీ ప్రమాణం చేస్తాడు. నేను చూసింది రెండు. ఆ రోజే నా చేతికి పెనం వచ్చింది. అప్పటి నుంచి పొద్దున్నే అదే పాట:

"తిరగెయ్యి బావా, అంచు మాడుతోంది."

పోయిన సీజను చివరి రోజున హోయిట్ కొత్త పని పెట్టుకొచ్చాడు. పెనానికి కొత్తగా కర్ర పిడి వేయించాడు, దాని మీద కాల్చి రాయడానికి కడ్డీ తెచ్చాడు. ఆర్వెల్ స్టిడమ్ అని నా పూర్తి పేరు రాయాలా, ఆర్వెల్ అంటే చాలా అని ఎంతో మర్యాదగా అడిగాడు. నాకు డెబ్బై నిండబోతున్నాయట, మనిషికి ఈ వయసులో ఒక స్థిరమైన పదవి ఉండాలట.

నాకు కడుపు మండింది. వచ్చే సీజను మొదటి రోజు దాకా ఆ కడ్డీ చల్లబడనివ్వమన్నాను. ఈ లోపల నా బూర నేనే చేసుకుంటాను, ఆ రోజు మాటుకు ఎదురుగా ఉన్న ఎండుచెట్టు కొన దాకా పొద్దు ఎక్కేలోపు నా పిలుపుకు బాతులు దిగితే మొద్దు నాది, దిగకపోతే పిడి మీద నా పేరూ మా నాన్న పేరూ కూడా రాసుకో, చచ్చేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలను అన్నాను. ఆర్లిస్ సాక్షి. అతనికి చెవుడు గనక విన్నంత మేరకు సాక్షి.

బూర చెయ్యాలంటే ముందు లేత్ మిషను మీద చెక్క తిప్పడం రావాలి. మా ఊళ్లో అది వచ్చినవాళ్లు ఒక్కరే. మూతపడ్డ పత్తి మిల్లు వెనక షెడ్డులో వెర్డీ అక్క. ఆమెకు ఎనభై ఒకటి. ఆమె తిప్పిన బూరలు మూడు జిల్లాల్లో మెడలకు వేలాడుతున్నాయి. నేను వెళ్లి విషయం చెబితే సాంతం విని, చీపురు చేతికిచ్చింది. వారం రోజులు చెక్క పొట్టు ఊడ్పించింది. ఎనిమిదో రోజున, ఊడ్చిన పొట్టులో ఏది బాగా తిప్పినప్పుడు రాలిందో ఏరి చూపించమంది. పొడవుగా, చుట్టలు చుట్టుకున్న పొట్టు చూపించాను. పొడి పొడిగా రాలిందంటే ఉలి చెక్కను కొయ్యడం లేదు, గోకుతోందని లెక్క. సరే, కళ్లున్నాయి, చేతుల సంగతి చూద్దామంది.

చేతుల సంగతి వెంటనే తేలిపోయింది. నలుపలక చెక్కను మిషనుకు బిగించి, తిప్పి, గాడి ఉలి ఆనించానో లేదో, ఉలి చెక్కను కరిచింది, చెక్క మిషను వదిలింది. కిటికీలోంచి పోయి, వడ్లు ఆరబెట్టే టవరు దాటి, ఎటు పోయిందో పోయింది. ఆరు మైళ్ల అవతల ఆర్లిస్ తన పోస్టు డబ్బాలో అది దొరికిందని మర్నాడు తెచ్చిచ్చాడు. స్టాంపు లేదని నన్ను మందలించాడు కూడా.

వెర్డీ అక్క పగిలిన అద్దం వంక చూసి అంది:

"ఒరే ఆర్వెల్, ఎవరింటికైనా పోతే ఏం చేస్తావు? తలుపు తడతావా, గొడ్డలేసుకుని బద్దలు కొడతావా?"

"తడతానక్కా."

"మరి చెక్కను కూడా తట్టి లోపలికి పో. ముందు ఉలి మడమ ఆనించు, పదును కాదు. మెల్లగా పిడి ఎత్తు. అంచు దానంతట అదే లోపలికి పోతుంది. నీకు జీవితంలో ప్రతిదాని మీదా తొందరే."

ఎండాకాలమంతా తట్టాను. మా తోటలో టమాటాలు కాశాయి, రాలాయి, నేను చూళ్లేదు. బాతుబూర చూస్తే చేతి వేలంత వస్తువు: ఒక గొట్టం, దాని కొసకు దూర్చే బిరడా, బిరడా మీద పలచని ప్లాస్టిక్ నాలుక, నాలుక కదలకుండా చిన్న బెండు ముక్క. అంతే. ఆ అంతేలో ఎన్ని తప్పులు పడతాయో నేను చేసి చూపించాను. నా మొదటి బూర కుట్టు మిషనులా కూసింది. తర్వాతిది ఊదితే నెల్డా మేకలు కంచె దూకి వచ్చి నా చుట్టూ నిలబడ్డాయి. పచ్చి కొమ్మతో చేసింది ఒకటి వారం తిరిగేసరికి కుంచించుకుపోయి బిరడాను గట్టిగా పట్టేసింది, ఈనాటికీ వదల్లేదు. ఒకటి మటుకు చాలా తియ్యగా పలికింది గాని, అది విన్న పక్కింటి పాస్టరు గారు పరుగున వచ్చి ఇంట్లో ఎవరు పోయారని అడిగారు. పాడైనవన్నీ నెల్డా ఒక బకెట్లో వేసింది. ఆ చలికాలం మా ఇంట్లో పొయ్యి రాజేయడానికి పుల్లలు ఏరుకునే పని తప్పింది.

ఇరవై మూడోది మా తాత కంచె గుంజతో చేశాను. బోడార్క్ అనే గట్టి చెక్క, ఎనభై ఏళ్లు ఎండకు ఎండింది, లోపల పసుపు ముద్దలా ఉంది. వెర్డీ అక్క దాన్ని ముట్టుకోలేదు, ఊదమని కళ్లు మూసుకుంది. ఊదాను. చాలాసేపు కళ్లు తెరవలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"ఇది బాతే," అంది చివరికి. "కాస్త జలుబు చేసిన బాతు. కానీ బాతే."

నేను బూర జేబులో పెట్టుకోబోయాను. అంతలోనే ఆమె వేలు చూపింది. బూరలో లోపం లేదట, ఊదేవాడిలో ఉందట. నేను ఊదితే ఊరేగింపు వస్తున్నట్టుందట. బాతు ఊరికే తన మానాన తింటూ గొణుక్కుంటుంది, నువ్వూ ఊపిరి వదిలితే చాలు, ఊదొద్దు అంది. నాకు ఎక్కలేదు. నా దృష్టంతా బూర మెరుపు మీద ఉంది. చెక్క మెరవడానికి మిషను మీద తిప్పుతూ సూపర్‌గ్లూ పలచగా పూతలు వేస్తాం. వెర్డీ అక్క మూడు పూతలు వేయించి సీసా మూత పెట్టేసింది. ఇక చాలు, ముట్టుకోకు, ఈ జిగురు చలిలో బద్ధకంగా పడుకుంటుంది, తడి తగిలిందా లేచి కూచుంటుంది అని చెప్పింది. ఆ సీసా ఆమె చూడకుండా నా జేబులోకి ఎలా వచ్చిందో నేను చెప్పను.

సీజను మొదటి రోజు వచ్చింది. నీళ్ల అంచుల్లో మంచు గడ్డకట్టేంత చలి. నాకు మూడు రోజులుగా రొంప పట్టి ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయింది. ట్రక్కు లైటు ముందు బూర చూసుకుంటే నోటి వైపు కొసన గోరంత మేర మెరుపు తగ్గినట్టు కనిపించింది. హోయిట్ కంట పడితే తొక్క తీసిన బంగాళదుంప అంటాడు. జేబులోంచి సీసా తీశాను. ఒక పూత. అది బాగుంది కదా అని ఇంకో పూత. చలిలో అది ఆరిందో లేదో వేలు పెట్టి చూసే ఓపిక నాకు లేదు. వెర్డీ అక్క చెప్పింది కదా, నాకు ప్రతిదాని మీదా తొందరే.

మాటులోకి వెళ్లి కూచున్నాం. తెల్లారింది. హోయిట్ మొద్దు మీద నుంచి లేచి, దాన్ని తన టోపీతో తుడిచి, పెళ్లికొడుక్కి పీట వేసినట్టు చూపించాడు. కడ్డీ పొయ్యి పక్కనే పెట్టుకున్నాడు. చెట్ల పైన పచ్చతల బాతులు గుంపుగా తిరుగుతున్నాయి, చాలా ఎత్తున.

"కానీ బావా," అన్నాడు. "లూసియానా వాళ్లు ఎదురుచూస్తున్నారు."

దానికి తగ్గ జవాబు ఒకటి నా దగ్గర ఎండాకాలం నుంచి సిద్ధంగా ఉంది. ముందు బూర పెదవులకు ఆనించి, దర్జాగా తీసి, అప్పుడు చెబుదామనుకున్నాను. ఆనించాను. తియ్యబోయాను. రాలేదు. నా పెదవుల తడి తగిలి జిగురు లేచి కూచుంది. మీది పెదవీ కింది పెదవీ రెండూ బూరకు అంటుకుపోయాయి. లాగితే బూరతో పాటు మొహం కూడా వస్తోంది.

ముక్కు బిగిసింది. నోటికి మిగిలింది ఒక మూల సన్నని సందు, అందులోంచి గాలి లోపలికి పీల్చుకోవచ్చు. బయటికి వదలాలంటే బూరలోంచే. వదిలాను. "క్వాక్" అంది, మెత్తగా, భోజనం చేసి కూచున్న ఆడబాతులా. భయంతో ఊపిరి జోరందుకుంది, చిన్న చిన్నగా, ఒకదాని వెనక ఒకటి. బూర టికటికమని గొణగడం మొదలుపెట్టింది. నేను ఊదడం లేదు. నేను బతకడానికి ప్రయత్నిస్తున్నాను.

పైన గుంపు ఒక్కసారి వంగింది.

హోయిట్ నోరు తెరుచుకుంది. బాతులు చెట్ల సందుల్లోంచి ఆకులు రాలినట్టు దిగాయి. నీళ్ల మీద చోటు చాలక ఒకటి ఆర్లిస్ టోపీ మీద దిగింది, అతను కదలకుండా దానికి చోటిచ్చాడు. రోజుకు చట్టం ఒప్పే మా ముగ్గురి వంతు బాతులూ పావుగంటలో అయిపోయాయి. నా వంతువి కూడా హోయిటే కొట్టాడు, నా చేతులు రెండూ బూర మీద ఉన్నాయి కదా. బిస్కెట్ ఒక్కొక్కటే మోసుకొచ్చి పెట్టింది. అన్నీ అయ్యాక ఇంకా క్వాక్‌మంటున్న బాతు ఒకటి మిగిలిపోయిందని దానికి అనుమానం వచ్చింది. నా చొక్కా చెయ్యి పళ్లతో మెత్తగా పట్టుకుని, ఈడ్చుకుంటూ తీసుకెళ్లి హోయిట్ కాళ్ల దగ్గర అప్పగించింది.

హోయిట్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కింద పడి ఉన్న సంగతి కూడా గమనించలేదు.

"బావా, ఇంత విద్య ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?"

"క్వాక్," అన్నాను.

"పద్నాలుగేళ్లు నీకు అన్యాయం చేశాను. మొద్దు నీదే. మా నాన్న రాసినట్టు పేరు చెప్పి తీసుకో."

"క్వాక్. క్వాక్ క్వాక్."

అతని మొహం మారింది. "నేను క్షమాపణ అడుగుతుంటే వెక్కిరిస్తున్నావా?"

తల అడ్డంగా ఊపాను. చేతులు ఊపాను. మొద్దు చూపించాను, నోరు చూపించాను. వద్దంటున్నానని అనుకున్నాడు. పొద్దు ఎండుచెట్టు మెడ దాకా ఎక్కింది. కొనకు బెత్తెడు దూరం. మాట పైకి రాకపోతే కట్టుబాటు కట్టుబాటే, మా నాన్న గీసిన గీత నేను చెరపలేనని హోయిట్ బాధగా కడ్డీ తీసి పొయ్యిలో పెట్టాడు. గెలిచిన పందెం నా పెదవుల వెనకే ఉండిపోయింది. తేలు కుట్టిన దొంగ కూడా మూలిగే హక్కున్నవాడు. నేను మూలిగినా బాతులే వస్తున్నాయి.

అప్పుడు ఆర్లిస్, టోపీ మీది బాతును సాగనంపి, నా వైపు వంగి చూశాడు. చెవులు వినపడని మనిషికి మొహాలు చదివే అలవాటు.

"వెక్కిరింత కాదు హోయిట్. వీడి మూతి అంటుకుపోయింది."

నవ్వు ఎంతసేపు సాగిందో నేను రాయను. బిస్కెట్ కూడా నవ్వింది. తర్వాత ఆర్లిస్సే ఉపాయం చెప్పాడు: జిగురు లాగితే ఊడదు, గోరువెచ్చని కొవ్వు రాస్తే మెల్లగా వదులుతుంది. కొవ్వు కావాలంటే బొలోనా వేయించాలి. నేను వేయించే స్థితిలో లేను. ఆర్లిస్ నా తల పట్టుకుని కూచున్నాడు. ఇక మిగిలింది హోయిట్.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా బావ పొయ్యి ముందు గొంతుక్కూచున్నాడు. కడ్డీ పక్కకు తీసి పెనం పెట్టాడు. ముక్కలు వేశాడు. కరిగిన కొవ్వు చెంచాతో తీసి, ఊది చల్లార్చి ఆర్లిస్‌కు అందించాడు, ఆర్లిస్ నా పెదవులకు పట్టించాడు. ఒక చెంచా, ఇంకో చెంచా. పొద్దు కొనను తాకబోతోంది. కింది పెదవి వదిలింది. మీది పెదవి సగం వదిలింది. మిగతా సగాన్ని నేనే లాగేశాను. ఆ తోలు ముక్క ఇంకా బూర మీద ఉంది, ఎవరైనా మా ఇంటికొస్తే చూపిస్తాను.

"ఆర్వెల్ స్టిడమ్‌ని," అన్నాను. "తీసుకుంటున్నా."

పొద్దు అప్పుడు కొన మీదికి వచ్చింది. ఆర్లిస్ విన్నానన్నాడు. విన్నాడో లేదో, పెదవులు కదలడం మాత్రం కళ్లారా చూశాడు, అదే ఎక్కువ. నేను నడిచి వెళ్లి మొద్దు మీద కూచున్నాను. మాటు అక్కడి నుంచి వేరేగా కనిపిస్తుంది. నీళ్లు కనిపిస్తాయి, ఆకాశం కనిపిస్తుంది, వెనక మూల పెనం పిడి పట్టుకుని ఏం చెయ్యాలో తోచక కూచున్న మా బావ కనిపిస్తాడు.

మూతి మండుతోంది. అయినా ఎండాకాలం నుంచి దాచుకున్న జవాబు వదిలేసి, అంతకన్నా పాతది ఒకటి బయటికి తీశాను.

"తిరగెయ్యి బావా, అంచు మాడుతోంది."