గోడలేని గచ్చు

గంగాభవాని చేసిన తప్పల్లా జాలిపడడమే. ఆ జాలి లేకపోతే ఆ దీపావళి కూడా ఎప్పట్లాగే వెళ్లిపోయేది, ఆవిడ ఇంకో నాలుగు రోజులు వెర్రిబాగుల్దానిలా హాయిగా తిరిగేది.

గాజువాక అవతల రెండిళ్ల మధ్య ఒక గచ్చు ఉంది. ఇటు ఇల్లు గంగాభవానిది, అటు ఇల్లు కనకరత్నానిది. ఇద్దరి మొగుళ్లూ స్టీలు ప్లాంటులో ఒకే షిఫ్టు, బావా అంటే బావా అనుకున్నవాళ్లు. పక్కపక్కన జాగాలు కొని ఇళ్లు కట్టుకున్నప్పుడు, "గోడెందుకు బావా, మనలో మనకేటి?" అన్నాడు కనకరత్నం మొగుడు తవిటయ్య. గంగాభవాని మొగుడు భీమశంకరరావు అతని చేతిలో చెయ్యేసి, "మన కట్టెలు కాలీదాకా ఇక్కడ గోడ లేవదు" అని మాటిచ్చాడు. ఆ మాట గంగాభవాని చెవులారా వింది.

కడప బండలు పరిచారు. ఒక మూల కరివేపాకు చెట్టు, దాని పక్కన పంపు, చుట్టూ కనకాంబరాలు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ కూరలు తరిగిందీ, తల ఆరబెట్టుకుందీ అక్కడే. మూడేళ్ల కిందట తవిటయ్య పోయిన రోజు కనకరత్నం తలని ఒళ్లో పెట్టుకుని ఏడ్చిందీ అక్కడే. మొగుడు ఇల్లు అమ్మేస్తానన్నా గంగాభవాని ఊరుకునేదేమో గానీ, ఆ గచ్చు జోలికొస్తే ఊరుకునే మనిషి కాదు.

వానలు వెళ్లేసరికి బండల మీద పాచి పట్టి, దాని మీద ఊళ్లో గాలికుండే నల్ల దుమ్ము పేరుకుని, అడుగేస్తే సర్రున జారేది. ఏటా దీపావళికి ముందు ఆదివారం వదినా మరదళ్లిద్దరూ కొంగులు బిగించి దిగేవారు. బ్లీచింగు పౌడరు చల్లి అరగంట నాననిచ్చి, ఇనప బ్రష్షుతో రుద్ది, సందుల్లోది పాత అట్లకాడతో గోకి తీసేవారు. ఇందులో ఒక షరతుంది. ఎవరి గుమ్మం ముందు వాళ్లు కడుక్కోకూడదు. ఈవిడ ఆవిడ గుమ్మం దగ్గర మొదలెట్టాలి, ఆవిడ ఈవిడ గుమ్మం దగ్గర. రుద్దుకుంటూ వచ్చి మధ్యలో కలిస్తే, అక్కడే చతికిలబడి టీ తాగాలి. ఈ షరతు ఎప్పుడో కనకరత్నమే సరదాకి పెట్టింది. ఉండగా ఉండగా అదో ఆచారమై కూర్చుంది.

ఈ ఏడు కనకరత్నం మోకాళ్లు పట్టుకుంది.

"నాను వంగనేకపోతన్నాను వొదినా. నీ పక్క అలాగుంచీ, నాలుగు రోజులాగి నానే సేత్తాను."

"రెండు పక్కలా నానే రుద్దీసుకుంటాన్లే. ఏటుంది, ఒక పూట పని."

"ఓలమ్మ, వద్దు! నీ గుమ్మం నువ్వు కడుక్కుంటావేటి, అరిష్టం కాదా? నామీద ఒట్టు, ముట్టుకోకు."

ఒట్టు దాకా వచ్చేసరికి గంగాభవానికి కళ్లు చెమర్చాయి. నొప్పులతో చస్తూ కూడా తన వంతు తనే చేస్తానంటోంది, ఇలాంటి మనిషి దొరకాలంటే పెట్టి పుట్టాలి అనుకుంది. పెట్టి పుట్టడమా, నా మొహమా!

ఆదివారం పొద్దున్న కనకరత్నం, కొడుకు నాగవంశీ బండి వెనకెక్కి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఈలోగా గంగాభవాని వాళ్ల పక్కంతా తళతళలాడించేసింది. నడుం పట్టుకుని లేచి తన పక్కనున్న పాచి చూసింది. పాపం, ఆ మోకాళ్లతో ఆవిడ ఇదంతా ఏం రుద్దుతుంది అనిపించింది. ఒట్టు తీసి గట్టున పెట్టి, బ్రష్షు పట్టుకుని ఇటు తిరిగింది.

కిటికీలోంచి భీమశంకరరావు అరిచాడు. "అటేపు వద్దే! సెల్లెమ్మ సేత్తానంది కదా!"

"మీరు పేపరు సదువుకోండి," అంది ఆవిడ.

వంటింటి మెట్టు నుంచి మూడో బండ మీద పాచి కింద ఎర్రగా ఏదో కనబడింది. కుంకం ఒలికిందేమో అనుకుని రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దితే ఇంకా స్పష్టమైంది. పెయింటుతో వేసిన ఇంటూ గుర్తు, దాని కింద ఒక బాణం. బాణం చూపించిన వైపే రుద్దుకుంటూ పోయింది. గచ్చు చివర మరో ఇంటూ. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇళ్ల మీద పడే గుర్తులు చూసిన కళ్లకి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గుర్తు నుంచి ఈ గుర్తుకి చూపు సారించింది. పంపు అటు పోయింది. కరివేపాకు చెట్టు అటు పోయింది. తన వంటింటి ముందు ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత జాగా మిగిలింది.

గుర్తు పాచి మీద లేదు, పాచి కిందుంది. అంటే వానలకి ముందే వేశారు. వానలకి ముందు తనెక్కడుంది? తణుకులో, కూతురు శ్రీసత్య పురుడు పోస్తూ. అప్పుడే కదా మొగుడు ఫోన్ చేసి, "తొందరేటి, ఇంకో పది రోజులుండి రా" అన్నాడు! ఎంత మంచి మొగుడో అని వియ్యపురాలి దగ్గర చెప్పుకుని మురిసిపోయింది కూడా. తీరా వచ్చేసరికి వానలు పడి బండల మీద పాచి కమ్మేసింది. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండిపోయింది.

బండి వచ్చి ఆగింది. కనకరత్నం చక్కగా దిగి చకచకా నాలుగడుగులేసి, కడిగిన బండలు చూసి కొయ్యబారిపోయింది.

"ఒట్టేసినాను కదొదినా..."

"ఇదేటి?"

నాగవంశీ తల దించుకున్నాడు. కనకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వంశీ మేడ కడతానన్నాడు. కొలిపిత్తే కాగితాల పెకారం మా జాగా ఇంతవరకూ వచ్చింది. నాగులసవితి ఎల్లాక గోడ మొదలెడదామని..."

"మీదైతే మీదే. నాను కాదంటన్నానా? నాకెందుకు సెప్పనేదు? నాలుగు నెలలై ఇదే బండ మీద నా పక్కన కూకుని సిక్కుడుకాయలు ఒలిసినావు. నా మొహంలోకి ఎలా సూసినావు?"

"నాను సెప్పీద్దుననే అన్నాను! అన్నయ్యే వద్దన్నాడు. కొలతల కాగితం మీద సంతకం పెట్టిన్రోజునే నా సేత ఒట్టేయించుకున్నాడు."

గంగాభవాని వెనక్కి తిరిగింది. భీమశంకరరావు వంటింటి మెట్టు దిగి వస్తున్నాడు, చేతిలో పేపరు అలాగే ఉంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇనప బ్రష్షు పట్టేసింది.

"సంతకం పెట్టినారా?"

"కాగితాలు అలాగున్నాయే. బావ ఉంటే వేరు. పిల్లోడితో తగువేటి, పదిమందిలో నవ్వులపాలు..."

"అదడగనేదు. నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే ఒప్పుకుంటావేటి నువ్వు? గోల సేత్తావు. గోడ లేసిపోతే రెండ్రోజులు ఏడిసి ఊరుకుంటావులే అనుకున్నాం."

అనుకున్నాం! తను ఎన్ని రోజులు ఏడుస్తుందో కూడా కూర్చుని మాట్లాడుకున్నారన్నమాట. ముప్పై నాలుగేళ్ల కాపురం, ఇరవై రెండేళ్ల నేస్తం, రెండూ కలిపి రెండ్రోజుల ఏడుపు పాటి చేశాయి. నమ్మి గొంతు చేతికిస్తే కోసేసి, నొప్పి ఎన్నాళ్లుంటుందో కూడా వీళ్లే చెబుతున్నారు. ఏడుపు రాలేదావిడకి.

"గోడ ఎత్తెంత?" అని నాగవంశీని అడిగింది.

"అయిదడుగులత్తా."

"సాలదు. ఎనిమిది లేపు. సవితిదాకా ఆగొద్దు, రేపు పొద్దున్నే మేస్త్రీని పిలు."

"వొదినా!" అని కనకరత్నం ఘొల్లుమని ముందుకొచ్చింది.

"అక్కడే ఆగు. గుర్తు దాటి రాకు."

భీమశంకరరావు మొహం తేటపడింది. గండం గడిచిందనుకున్నాడు పిచ్చి మహానుభావుడు. "అదీ! నువ్వు అర్థం సేసుకుంటావని నాకు తెలుసు. పద, లోపలికి పద."

గంగాభవాని బ్రష్షు బకెట్లో పడేసి చేతులు తుడుచుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుణ్ణి ఒక్కసారీ నువ్వనని మనిషి.

"గోడ లేసీలోగా నువ్వు ఎటేపుంటావో తేల్సుకో," అంది.

మెట్టెక్కి లోపలికెళ్లి వంటింటి తలుపు గడియ పెట్టుకుంది. సగం కడిగిన గచ్చు మీద ఆ ముగ్గురూ మిగిలిపోయారు.