తిరిగి ఇచ్చిన గంటలు

భోజనం పళ్ళాలు తీసేశాక విమానంలో అమ్మాయి మళ్ళీ బండి తోసుకుంటూ వచ్చింది. ఈసారి దానిమీద గంటలున్నాయి. వెళ్ళేటప్పుడు గడియారాలు ముందుకి తిప్పించి మనిషికి నాలుగు గంటలు తీసుకున్నారు కదా, వచ్చేటప్పుడు ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తారు. తెల్ల కాగితంలో పొట్లం కట్టి, పైన సీటు నంబరు రాస్తారు. పట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసిన గుడ్డలా వెచ్చగా ఉంటుంది. విప్పుకున్నవాళ్ళకి అంతసేపూ గడియారం కదలదు.

కుట్టుపని చేసే ఆవిడ తన పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. పక్కన భర్త తనది జేబులో వేసుకుని కళ్ళు మూశాడు. ఆయన బస్సు డ్రైవరు. పాతికేళ్ళు బండికి చిన్న గీతైనా పడకుండా నడిపాడని, కంపెనీవాళ్ళు ఇద్దరినీ వారం రోజులు పరదేశం పంపారు. సీటు దొరికితే చాలు, ఆయనకి నిద్రే. నాలుగు గంటలూ గురకకే సరి అనుకుందావిడ.

తనకి మాత్రం కునుకు పట్టలేదు. నిన్న పక్కింటి పిన్ని ఫోన్ చేసింది. చెల్లెలు అద్దెగది ఖాళీ చేసి, ఇవాళ నాలుగింటి రైలుకి వెళ్ళిపోతోందట. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదట. రెండేళ్ళ కిందటి దాకా ఆ పిల్ల వీళ్ళింట్లోనే ఉండేది. బావ డ్యూటీ చొక్కా ఇస్త్రీలో కాల్చిన రోజు మాటామాటా పెరిగి, పెట్టె సర్దుకోమన్నాడాయన. సర్దుకుంది. అక్క గుమ్మంలో నిలబడి చూసిందే గాని నోరు మెదపలేదు.

విమానం రెండున్నరకి దిగుతుంది. స్టేషన్ గంట దూరం. అందుకుంటాం అని ధైర్యంగా ఉంది. అందుకే అవతలి సీటులో చంటిబిడ్డ తల్లి నిద్రకి తూలిపోతుంటే చూడలేక, బిడ్డనెత్తుకుని పొట్లం ఆమె చేతిలో పెట్టేసింది.

"వాడుకో తల్లీ, నాకేం పని వీటితో?"

తీరా ఊరు దగ్గరపడ్డాక కిందంతా పొగమంచు. విమానం గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగి తిరిగి దిగేసరికి నాలుగుకి ఇంకా పది నిమిషాలే ఉంది.

ఆవిడ సామాను దగ్గరే చతికిలబడింది. "నావి ఇచ్చేశాను. మీవి గురకలో పోయాయి."

ఆయన జేబులోంచి పొట్లం తీశాడు. మడత చెదరలేదు.

"నిద్రపోలేదా?"

"కళ్ళు మూసుకున్నానంతే. తెరిస్తే నువ్వు మాట్లాడతావు. మాట్లాడితే దాని మాటే వస్తుంది."

టాక్సీ అతను పొట్లం చూసి, ముగ్గురికి సరిపోతాయా అనడిగాడు. సరిపెట్టుకుందామని పొట్లం విప్పాడాయన. దారిలో ప్రతి గడియారమూ నాలుగుకి పదే చూపించింది. స్టేషన్లోదీ అంతే.

చెల్లెలు రైల్లో కిటికీ పక్కన కూర్చునుంది. పెట్టె పై అరలోకి ఎక్కేసింది. అక్కని చూసి మొహం తిప్పుకుంది. ఈసారి అక్క గుమ్మంలో ఆగలేదు, లోపలికెళ్ళింది.

"ఆవేళ నేను అడ్డం రావాల్సింది. రాలేదు. ఇంటికి రావే."

చెల్లెలు బయటికి చూసింది. ప్లాట్‌ఫాం మీద బావ పొట్లం కాగితాన్ని మడతలు పెడుతూ నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లడం లేదు. కాగితం అడుగున ఇంకాస్త మిగిలినట్టుంది, ముల్లు కదల్లేదు. ఆ కాస్తా చెల్లెలు ఆలోచించుకోవడానికి వాడుకుంది.

"బావా," అని పిలిచింది చివరికి. "సర్దుకోమన్నది నువ్వు. దింపాల్సిందీ నువ్వే."

ఆయన రైలెక్కి పెట్టె దింపాక గడియారం ముల్లు కదిలింది.