మీనాక్షి సవరం

పోయినవాళ్ల కళ్లు చారెడేసి అని ఊరికే అనలేదు. మా ఆయన మొదటి భార్య మీనాక్షి పోయి ముప్ఫై మూడేళ్లయినా ఈ ఇంట్లో ఆవిడ పులుసే పులుసు, ఆవిడ ముగ్గే ముగ్గు. ఆ పులుసు నిజంగా ఎలా ఉండేదో దేవుడికెరుక! పెళ్లినాడే నా మెడలో ఆవిడ పేరున సవతి తాళి కట్టారు. రెండో పెళ్లివాళ్లకి మాలో అదొక ఆచారం, చింతగింజంత బంగారు బిళ్ల. దాన్ని నేనెప్పుడూ వెనక్కి తిప్పి రవికెలోకి తోసేసేదాన్ని.

అన్నిటికన్నా నాకు కడుపుమంట ఆ రేకుపెట్టె. అందులో మీనాక్షి సవరం ఉండేది. అప్పట్లో దువ్వుకుంటే ఊడిన జుట్టు పారేసేవాళ్లం కాదు. ఉండచుట్టి చూరులో దోపి, తగినంత పోగయ్యాక సవరం అల్లించుకునేవాళ్లం. ఏటా తద్దినం నాడు భోక్తలు వెళ్లాక మా ఆయన పెట్టె తెరిచి, ఆ సవరాన్ని ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకునేవారు. బసవేశ్వరరావు మాస్టారంటే రేపల్లె పిల్లలకి హడల్. ఆ మనిషి మూరెడు జుట్టు ముందు పసిపిల్లాడైపోయేవారు. నేను వడ్డించిన విస్తరి అవతల చల్లారిపోతుండేది.

1992 వేసవిలో తులసి అనే అమ్మాయి మా ఇంటికొచ్చింది. హైదరాబాదులో పోలీసు లాబొరేటరీలో ఉద్యోగమట, సెలవు పెట్టుకుని వచ్చింది.

"మా పెద్దమ్మ వెంకటరత్నం యాభై ఏడులో తెనాల్లో పోయింది మాస్టారూ. మరుసటి ఏడు బాపట్లలో మాణిక్యాంబ గారు. యాభై తొమ్మిదిలో ఇక్కడ మీనాక్షి గారు. ముగ్గురికీ అవే వాంతులు, అవే అరికాళ్ల మంటలు, ఒంటి మీద అవే మచ్చలు. కలరా అని ఫైళ్లు మూసేశారు. అది పాషాణం పెట్టి చేసిన హత్యలని నా అనుమానమండి."

"దహనం చేసేశాం కదమ్మా. ఇప్పుడింకేం చూస్తావు?" అన్నారు మా ఆయన.

"జుట్టు చూస్తానండి. పాషాణం తిన్న మనిషి జుట్టులో అది ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. పెద్దమ్మ సవరాన్ని మా అమ్మమ్మ దాచింది. బాపట్లవాళ్లూ ఇచ్చారు. మీ దగ్గర కూడా ఏమైనా..."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జడ మీదికి పోయింది. ఎందుకంటే ఆ పెట్టెలో ఉన్నది మీనాక్షి జుట్టు కాదు. నాది.

అరవై ఒకటిలో, పెళ్లైన రెండో ఏడు, ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే ఆయన నన్ను "మీనాక్షీ" అని పిలిచారు. పిలిచి, సర్దుకోను కూడా లేదు. మర్నాడు జుట్టుకి పిన్నీసులిచ్చేవాడు వీధిలోకొస్తే ఆవిడ సవరాన్ని వాడికి పడేసి రెండు డజన్ల పిన్నీసులు తీసుకున్నాను. కొత్తగా అల్లించుకున్న నా సవరం పెట్టెలో పెట్టాను. ఏడిస్తే నా జుట్టు మీదే ఏడవనీ అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు అలాగే ఏడ్చారు మహానుభావుడు!

ఆయన మాత్రం పెట్టె తెచ్చి తులసి చేతిలో పెట్టారు. "అప్పట్లో నన్ను మూడు రోజులు పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టారమ్మా. మాస్టారే పెళ్లానికేదో పెట్టాడని ఊళ్లో ఇప్పటికీ గుసగుసలే. నేను పోయేలోగా ఆ మాట పోవాలి" అన్నారు. తర్వాత రెండు గంటలసేపు మీనాక్షి కథే. ఆ పిల్ల చెంపకి చెయ్యి చేర్చుకుని వింటుంటే నాకు ఒళ్లు మండింది. ఉప్మాలో ఉప్పు రెండోసారి పడింది. పడలేదు, వేశాను.

అయినా నోరు విప్పలేదు. నా జుట్టులో కొబ్బరినూనె తప్ప ఏముంటుంది? ఏమీ దొరక్కపోతే విషం లేదంటారు, ఆయన మీద నింద పోతుంది, నా గుట్టు నాతోనే ఉంటుంది అనుకున్నాను.

రెండు నెలల తర్వాత తులసి మళ్లీ వచ్చింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"మూడు సవరాల్లోనూ పాషాణం ఉందండి" అంది. తలొంచుకుని, "మీ బదిలీలు విచారించాను మాస్టారూ. యాభై ఏడులో తెనాలి, మరుసటి ఏడు బాపట్ల, ఆ తర్వాత రేపల్లె. ముగ్గురూ పోయినప్పుడు ఆ మూడు ఊళ్లలోనూ ఉన్నది మీరొక్కరే కనబడుతున్నారు. రేపు నేను పైకి రాసి పంపాలి" అంది.

"నేనా తల్లీ?" అన్నారాయన.

నా జుట్టులో విషమేంటి? అప్పుడు ముప్ఫై ఏళ్ల కిందటి రుచి ఒకటి నాలుక మీదికొచ్చింది. తీపి, దాని వెనకాల తుప్పుపట్టిన మేకు నాకినట్టు.

"అది మీనాక్షి జుట్టు కాదు. నాది" అన్నాను.

ఇద్దరూ నా వంక చూశారు. పిన్నీసుల సంగతి దాచకుండా చెప్పేశాను. తులసి జాలిగా, "భర్తని కాపాడుకోవాలని ఎవరైనా ఇలాగే అంటారు పిన్నిగారూ" అంది.

"అంటే నేను అబద్ధాలకోరునా?" నాకు తిక్క రేగింది. జడ విప్పి, నెత్తి మీంచి నాలుగు వెంట్రుకలు పీకి దాని చేతిలో పెట్టాను. "నీ మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూసుకో! ఆ గోడ మీద మీనాక్షి ఫోటో కూడా చూడు. ఆవిడది సాపు జుట్టు. నాది ఉంగరాలు. పెట్టెలోది ఎలా ఉందో నీకే తెలుసు."

తులసి ఫోటో దగ్గరికెళ్లి చాలాసేపు నిలబడింది. వెనక్కి తిరిగి, "మరి మీకు విషం ఎవరు పెట్టారు?" అంది.

అదీ చెప్పాను. పెళ్లై ఏడాదైనా కడుపు పండలేదని అత్తగారు సాధిస్తుంటే, లక్ష్మీనరసింహం అనే వైద్యుడు నాకు లేహ్యం ఇచ్చాడు. ఊరూరూ తిరిగి ఆడవాళ్లకి రహస్యంగా మందిచ్చేవాడు. పసుపుకొమ్ము పట్టించి ఒట్టు వేయించుకునేవాడు, మొగుడికి చెబితే మందు పనిచెయ్యదని. అందుకే ఎవరమూ చెప్పలేదు. నెల తిన్నాను. వాంతులు, అరికాళ్ల మంటలు, గుప్పెళ్లకొద్దీ ఊడిన జుట్టు. ఆ జుట్టుతోనే సవరం అల్లించాను. పూజలో పెట్టాలి, వచ్చేవారం గాజులు తీసిపెట్టుకో అన్నాడు ఆ వైద్యుడు. అంటూ అంటూ, "మీ అక్క మీనాక్షికీ ఈ చేత్తోనే ఇచ్చాను తల్లీ" అన్నాడు.

"ఆవిడ ఎంగిలి మొగుడే చాలు, ఆవిడ ఎంగిలి మందు కూడానా అనుకున్నాను. ఆ సాయంత్రమే లేహ్యం కాలవలో పారబోశాను. పింగాణీ జాడీ, మూతకి ఎర్రగుడ్డ, దారానికి ఏడు ముళ్లు. రోజుకొక ముడి తాకి దణ్ణం పెట్టుకోమనేవాడు."

తులసి సంచిలోంచి పాత ఫైలు కాగితాలు తీసింది. వేలు పెట్టి వెతికి, మెల్లగా చదివింది. "బాపట్ల, మాణిక్యాంబ గదిలో దొరికినవి... చిన్న జాడీ ఒకటి, ఖాళీ. ఎర్రగుడ్డ. దారం, ఏడు ముళ్లు." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా పెద్దమ్మ నగలు కూడా ఆ వారంలోనే మాయమయ్యాయి. పాపం, మా పెదనాన్నని అనుమానిస్తూనే అమ్మమ్మ పోయింది" అంది.

ఆ వైద్యుడు పోయి అప్పటికే పదేళ్లు. శిక్ష వేయడానికి మనిషి లేడు. కానీ పదిహేను రోజులకి తులసి మూడు ఇళ్లకీ ఉత్తరాలు రాసింది. నా వెంట్రుకలూ సవరంలోవీ అన్ని విధాలా ఒకే తీరుగా ఉన్నాయని, ఫైల్లోంచి మాస్టారి పేరు తీసేశారని రాసింది. సవరాన్ని పార్శిల్లో వెనక్కి పంపింది.

ఆయన దాన్ని విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇటివ్వండి, పారేస్తాను. ఆవిడది కాదుగా" అన్నాను.

ఇవ్వలేదు. ఒక పాయ వేలికి చుట్టి చూశారు. "ఉంగరాలు. ఇన్నేళ్లు ఒళ్లో పెట్టుకుని కూడా నేను చూడనేలేదు అమ్మాజీ."

"నా నెత్తి మీద ఉన్నప్పుడు మాత్రం చూశారా?"

వేలికి చుట్టిన పాయ విప్పుతూ, "మీనాక్షి పేరు వినబట్టే కదా ఆ మందు మానేశావు. నిన్ను ఆవిడే బతికించింది" అన్నారు.

చూశారా! నా కుళ్లు నన్ను బతికిస్తే, ఆ పుణ్యం కూడా ఆవిడ ఖాతాలోకే! విసురుగా వంటింట్లోకి వెళ్లాను. వెళ్లి, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ఆయనన్నది నిజం. ఆ పిచ్చిది ఎవరికీ చెప్పుకోకుండా జాడీ చివరిదాకా తిని చచ్చిపోయింది. ఈ భూమ్మీద మిగిలిన ఆవిడ జుట్టుని నేను పిన్నీసులకి అమ్ముకున్నాను. "తప్పైపోయిందక్కా" అని పైకే అన్నాను. రవికెలోంచి సవతి తాళి తీసి, మొదటిసారి ముందుకి తిప్పుకున్నాను.

బయటికొచ్చేసరికి ఆయన నా సవరాన్ని జాగ్రత్తగా మడిచి ఆ రేకుపెట్టెలో పెడుతున్నారు.

"నాదని తెలిశాక కూడా దాచుకుంటారా?"

"నీదని తెలిశాక పారేస్తానా?" అన్నారు.

నా గుండె నిండిపోయింది. కానీ పెట్టె మూత వేస్తుంటే చూశాను, దాని మీద ఆవిడ పేరే ఉంది. మర్నాడు మొదటి బస్సుకే తెనాలి వెళ్లి నాకొక పెట్టె కొనుక్కొచ్చుకున్నాను.