నా రాజీనామాకి కృతజ్ఞత కూడిక

ముప్ఫై మంది పలావుకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోబోతున్నానని మా ఇంట్లో ఆనందం. ఆ ఆనందానికి సాయంత్రం ఇక్కడే కృతజ్ఞత కూడిక. మా చర్చి అయ్యగారు వస్తారు, సంఘం వస్తుంది, పాటలూ సాక్ష్యాలూ అయ్యాక భోజనాలు. కూడిక నా కోసం కాబట్టి వంటా నాదే.

జరిగింది ఇంతే. ఆదివారం ఆరాధన నుంచి ధవళేశ్వరం తిరిగొస్తూ కారులో, "బ్యాంకు ఉద్యోగం మానేస్తున్నానండీ" అన్నాను. ముంబయిలో ఇంకో ఉద్యోగం వచ్చిందని చెప్పేలోపే మా ఆయన విజయ్ పాల్ స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి స్తోత్రం అన్నారు. వెనక సీట్లో మా అత్తగారు సంపూర్ణమ్మగారు, ప్రభువు తన మొర విన్నాడని కళ్లు ఒత్తుకున్నారు. ఇల్లు చేరకముందే అయ్యగారికి ఫోన్ వెళ్లిపోయింది. నా వాక్యంలో రెండో సగం కాలవ గట్టు మీదే ఎక్కడో పడిపోయింది. తర్వాత ముంబయి మాట ఎత్తితే, ఇంకా ఆ ఆఫీసు గొడవలెందుకు, హాయిగా ఉండమన్నారు ఆయన. అత్తగారి దగ్గర ఎత్తితే కోడి మాంసం ఎన్ని కిలోలని అడిగారు.

పదకొండేళ్లుగా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేస్తున్నాను. పేరులో బ్యాంకు ఉంది కాబట్టి చుట్టాలంతా గోల్డ్ లోన్ వడ్డీ ఎంతని నన్నే అడుగుతారు. కంపెనీలు అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్యన ఉండి బేరం కుదిర్చే పని అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. పెళ్లిళ్ల పేరయ్య పనన్నమాట, అని మా ఆయన నలుగురిలో నవ్వారు. కోపం వచ్చింది గానీ మాట తప్పు కాదు. ఎలాంటి సంబంధమైనా బంగారంలాంటి సంబంధమని స్లైడ్లు తయారుచెయ్యడమే నా పని. వాటిని చూపించి మాట్లాడేది మా బాస్. లాక్‌డౌన్ నుంచి ఇంటి దగ్గరే పని, వెనక గదిలో ఇస్త్రీ బట్టల పక్కన. నేను కాల్‌లో ఉంటే అత్తగారు ఆకుకూర కట్టలు తెచ్చి ముందు పెట్టేవారు. "మాట్లాడేది నోటితోనే కదమ్మా, చేతులు ఖాళీయేగా. ఈ గోంగూర తుంచెయ్యి."

ముంబయిలో ఉద్యోగం ఇచ్చింది ఒక హెడ్జ్ ఫండ్, అంటే డబ్బున్నవాళ్ల సొమ్ము తీసుకుని షేర్లు పెరుగుతాయనో పడతాయనో పందెం కాసే కంపెనీ. ఇంటర్వ్యూలో రొయ్యల మేత కంపెనీ ఒకదాని లెక్కలు పంపి, మీరేమనుకుంటున్నారు అని అడిగారు. నన్నేనా అడుగుతున్నారు అన్నాను. లెక్కలు తెలియక కాదు, ఆ ప్రశ్న నన్నెవరూ అడిగి ఎరగరు. తర్వాత చెప్పాను. భీమవరం వైపు మా పుట్టింటి దారిలో సగం చెరువులు ఎండబెట్టి వదిలేశారని, మేత కొనేవాళ్లు తగ్గి ఆ షేరు పడుతుందని, పడుతుందన్న వైపే డబ్బు పెట్టమని. తప్పైతే అన్నారు. తప్పు నాదేనండి అన్నాను. ఆ మాట అనడం ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. అక్కడ పనే అది, నా మాట చెప్పి, దానికి నేనే నిలబడటం. రేపటిలోగా సరే అనాలి. మా పాపకి అక్కడ స్కూలు కూడా చూసిపెట్టాను. కానీ ఈ ఉల్లిపాయల గుట్ట ముందు కూర్చుంటే, ఇంతమందిని పిలిచేశారు, పోనీలే అని కూడా ఒక క్షణం అనిపించింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

సాయంత్రం పాటలయ్యాక ఇంటి యజమానిగా విజయ్ పాల్ లేచి సాక్ష్యం చెప్పారు. "మా మెర్సీ మనసు దేవుడు మార్చాడండి. ఇక ఇంటిపట్టునే ఉంటుంది." అందరూ స్తోత్రం అన్నారు. నా మనసు మారిన సంగతి అందరితోపాటే నేనూ విన్నాను. అయ్యగారు ఏసురాజుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. వద్దు, పలావు చూడు అని అత్తగారు సైగ చేశారు.

లేచాను. అప్పుడు తట్టింది. సాక్ష్యం చెప్పేవాళ్లని మా సంఘంలో ఎవరూ మధ్యలో ఆపరు. అచ్చిబాబుగారు తన మోకాలి ఆపరేషన్ గురించి భోజనాలు చల్లారిపోయేదాకా చెప్పినా, స్తోత్రం స్తోత్రం అంటూ విన్నారు. ఈ ఇంట్లో నా వాక్యం చివరిదాకా వెళ్లగలిగేది ఈ ఒక్కసారే.

"మా ఆయన సగమే చెప్పారండి. బ్యాంకు మానేస్తున్న మాట నిజమే. ముంబయిలో ఒక ఫండ్ కంపెనీలో చేరుతున్నాను. ఒకటో తారీకుకి నేనూ పాపా వెళ్తున్నాం. ఈయన సెలవులకి వస్తారు. మా కోసం ప్రార్థన చెయ్యండి."

అలవాటు కొద్దీ అందరూ స్తోత్రం అన్నారు. మా అత్తగారు కూడా అనేసి, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు తటపటాయించారు. కానీ ప్రార్థన అడిగినవాళ్లకి కాదనడం ఆయనకి చేతకాదు. కంపెనీ పేరు అడిగి తెలుసుకుని, పరలోకమందున్న తండ్రీ అని మొదలుపెట్టారు. తలలన్నీ వంగాయి. విజయ్ పాల్ ఒక్కరే తల ఎత్తి నావైపు చూస్తున్నారు. ఏదో అనబోయారు.

"ప్రార్థన జరుగుతోందండీ," అన్నాను మెల్లగా. "కళ్లు మూసుకోండి."