ఆఖరి వంతు

కళ్లద్దాలమ్మకి తన కూతురంటే మహా గొప్ప. ఆ గొప్పని దాచుకోవాలని ఆమెకి ఏనాడూ తోచలేదు. బజారులోని కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. బేరానికి వచ్చినవాళ్లు అద్దాలు ఎప్పటికి తయారవుతాయని అడిగితే, ఆ జవాబు చెప్పేలోపు కూతురి ముచ్చట ఒకటి వినిపించి తీరేది. పిల్ల ఇంకా అయిదో తరగతి దాటలేదు గానీ మాటలు మాత్రం సంసారం ఈదినదానిలా మాట్లాడేది. అందుకే వీధి వీధంతా దాన్ని ఆరిందా అని పిలిచేది.

పెంపకం మీద కళ్లద్దాలమ్మకి గట్టి అభిప్రాయాలున్నాయి. లెక్కలూ సైన్సూ బడి చెబుతుంది, నలుగురిలో ఎలా మసలుకోవాలో మాత్రం ఇల్లే చెప్పాలి. ఆ రెండో పని కూడా బడి నెత్తిన రుద్ది చేతులు దులుపుకునే తల్లిదండ్రులని చూస్తే ఆమెకి ఒళ్లు మండేది. అందులోనూ ప్రయాణాల్లో. మనిషి అసలు రంగు రైలు పెట్టెలో బయటపడుతుందని ఆమె నమ్మకం. అందుకని వాళ్లింట్లో ఒక పద్ధతి పెట్టింది. బండి దిగేటప్పుడు ఒకరు అందరికన్నా చివర దిగాలి. దిగేముందు వెనక్కి తిరిగి, తాము కూర్చున్న చోటు శుభ్రంగా ఉందా, తమదో పక్కవాళ్లదో ఏదైనా వస్తువు మిగిలిపోయిందా అని చూడాలి. ప్రయాణానికొకరు చొప్పున ఇది మారుతూ ఉండేది. దాన్నే వాళ్లు ఆఖరి వంతు అనేవారు. నిజానికి అది ఆమె పొట్ట కొట్టే పద్ధతే. జనం రైళ్లలో కళ్లద్దాలు మరిచిపోబట్టే కదా దుకాణంలో సగం బేరాలు!

ఆమె ఆడపడుచు, అంటే భర్తకి స్వయానా అక్క, ఈ పద్ధతిని చూసి ముక్కు విరిచేది. ఆవిడ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. ఉద్యోగం పోయినా పెద్దపంతులమ్మ అన్న పేరూ, ఆ గొంతూ పోలేదు. పక్క ఊళ్లో ఉన్న పెద్ద బడిలో మేనకోడలికి ఇంటర్వ్యూ ఏర్పాటు చేయించింది ఆవిడే. ఆ బడిలో హాస్టలు లేదు. సీటు వస్తే ఆరిందా రోజూ రైల్లో ఒంటరిగా వెళ్లి రావాలి. తల్లికి దుకాణం, తండ్రికి ఫ్యాక్టరీ; తోడు వెళ్లే తీరిక ఎవరికీ లేదు.

“దానికేం భయం లేదు వదినా, ఒక్కతే వెళ్లి వస్తుంది,” అని కళ్లద్దాలమ్మ ధీమాగా చెప్పింది.

“చూద్దాంలే,” అంది పెద్దపంతులమ్మ.

ఇంటర్వ్యూ రోజు పొద్దున ముగ్గురూ రైలెక్కారు. పెద్దపంతులమ్మ కిటికీ పక్కన కూర్చుని, తన చేతిసంచిని పక్క సీటులో దర్జాగా కూర్చోబెట్టింది. మందపాటి కళ్లద్దాల ముసలాయన ఒకాయన చోటు కోసం అటూ ఇటూ చూస్తూ వచ్చాడు.

“అత్తయ్యా, ఆ సంచికి టికెట్ తీసుకున్నారా?” అని ఆరిందా అడిగింది. అందులో వెటకారమేమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

కళ్లద్దాలమ్మ నవ్వు బయటికి రాకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దపంతులమ్మ సంచిని ఒళ్లోకి లాక్కుంది. ముసలాయన కూర్చుని, కళ్లద్దాలు తీసి కిటికీ పక్క కొక్కేనికి తగిలించి, హాయిగా కునుకు తీశాడు.

“పిల్లకి నేర్పాల్సిన లెక్కలు వదిలేసి ఇవన్నీ నేర్పావు,” అంది పెద్దపంతులమ్మ మరదలితో. “మర్యాదకి మార్కులు వెయ్యరమ్మా ఎక్కడా.”

“వెయ్యకపోతే పోనీండి. నాకు కనిపిస్తే చాలు,” అంది కళ్లద్దాలమ్మ.

దిగాల్సిన స్టేషన్ వచ్చింది. బండి అక్కడ ఆగీ ఆగనట్టు ఆగుతుంది. ముసలాయన ఉలిక్కిపడి లేచి, గుంపులో పడి దిగిపోయాడు. వెనకే పెద్దపంతులమ్మ, ఆ వెనక కళ్లద్దాలమ్మ దిగారు. ఆ రోజు ఆఖరి వంతు ఆరిందాది. తల్లి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టి వెనక్కి తిరిగేసరికి బండి కదిలింది.

తలుపు దగ్గర పిల్ల నిలబడి ఉంది. చేతిలో మందపాటి కళ్లద్దాలు. దూకుతుందేమోనని తల్లి హడలిపోయింది. పిల్ల దూకలేదు. కదిలే బండి దిగకూడదని చెప్పింది తల్లే. ఒక చేత్తో కమ్మీ గట్టిగా పట్టుకుని, కళ్లద్దాలున్న చేతిని పైకెత్తి, వస్తానన్నట్టు ఊపింది. కళ్లద్దాలమ్మ పరిగెత్తింది గానీ, ప్లాట్‌ఫారం అయిపోయింది.

“నీ పద్ధతి తగలెయ్య!” పెద్దపంతులమ్మ గొంతుకి స్టేషన్ దద్దరిల్లింది. “పిల్లని రైలుపాలు చేశావు కదే! ఇంక ఇంటర్వ్యూ కూడానా?”

కొంచెం దూరంలో ముసలాయన జేబులు తడుముకుంటూ నిలబడ్డాడు. సంగతి తెలిశాక ఆయన కూడా కళ్లద్దాలమ్మనే కేకలేశాడు. “ఆ పాత కళ్లద్దాల కోసం పసిపిల్లని బండిలో వదిలేస్తారటమ్మా ఎవరైనా?”

కళ్లద్దాలమ్మ స్టేషన్ మాస్టర్ గదిలోకి వెళ్లి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆయన తర్వాతి స్టేషన్‌కి ఫోన్ చేస్తుంటే ఆమె తనని తానే తిట్టుకుంది. కన్నకూతురికి ఏం నేర్పాను నేను? ఎవరి వస్తువు ఎలా పోతే నాకేం అని నేర్పి ఉంటే ఇప్పుడు నా పక్కన ఉండేది కదా!

కాసేపటికి ఫోన్ మోగింది. విన్నకొద్దీ స్టేషన్ మాస్టర్ మొహంలో నవ్వు పాకింది.

“మీ అమ్మాయి దిగగానే తనే వాళ్ల గదికి వచ్చిందట. ఊరూ పేరూ చెప్పిందట. తప్పిపోయావా పాపా అంటే ఏమందో తెలుసా? ‘నేను తప్పిపోలేదండి, ఆలస్యమయ్యానంతే. మా అమ్మకి చెప్పండి’ అందట. ఎదురు బండిలో టికెట్ కలెక్టరు పక్కన కూర్చోబెట్టి పంపుతున్నారు.”

కళ్లద్దాలమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పెద్దపంతులమ్మ ఆ మాట మళ్లీ చెప్పించుకుని వింది. 

ఎదురు బండి వచ్చింది. ఆరిందా దిగి నేరుగా ముసలాయన దగ్గరికి వెళ్లి కళ్లద్దాలు చేతికిచ్చింది. ఆ తర్వాతే తల్లిని వాటేసుకుంది. కళ్లద్దాలమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది, బడి గేటు దాటేదాకా వదల్లేదు.

బడికి చేరేసరికి మిగతా పిల్లలంతా వెళ్లిపోయారు. ఎందుకు ఆలస్యమైందని ప్రిన్సిపాల్ అడిగింది.

“రైలు లేటండి,” అంది పెద్దపంతులమ్మ తడుముకోకుండా.

“రైలు వేళకే వచ్చిందండి. నేనే వేళకి దిగలేదు,” అని ఆరిందా జరిగినదంతా చెప్పింది. “ఈసారి బండి ఆగకముందే లేచి చూసుకుంటాను.”

ప్రిన్సిపాల్ లెక్కలు అడిగింది, చదివించింది, రాయించింది. పిల్ల అన్నీ చేసింది. చివరికి ప్రిన్సిపాల్ కళ్లద్దాలమ్మ వైపు తిరిగింది. “సీటు ఒక్కటే మిగిలింది. ఇవ్వడానికి నాకు ఇష్టమే. అయితే రోజూ ఇంత దూరం ఒంటరిగా పంపగలరా?”

పొద్దున అయితే కళ్లద్దాలమ్మ ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పేది. ఇప్పుడు కళ్లముందు కదిలిపోతున్న రైలే కనిపిస్తోంది.

“ఇంటికెళ్లి చెబుతామండి,” అంది చివరికి.

“సాయంత్రంలోగా ఫోన్ చెయ్యండి. లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను.”

తిరుగు ప్రయాణంలో పిల్ల తల్లి మొహంలోకీ, కిటికీలోంచి బయటికీ మార్చి మార్చి చూసింది. సీటు పోతోందని దానికి అర్థమైంది. ఊరు దగ్గర పడుతుంటే కళ్లద్దాలమ్మ లేచి కూతురి రెక్క పట్టుకుంది.

“ఇవాళ్టికి వంతులూ గింతులూ వద్దు. గబగబా దిగుదాం.”

“ఈసారి వంతు నీదమ్మా,” అంది ఆరిందా.

దాని గొంతులో నిష్ఠూరం లేదు. వేళైందని గుర్తుచేసినట్టుగా ఉంది. కళ్లద్దాలమ్మ చెయ్యి సడలింది. బండి ఆగింది. పిల్లనీ ఆడపడుచునీ ముందు పంపి, ఆమె వెనక్కి తిరిగింది.

జనమంతా తలుపు వైపు తోసుకుంటున్నారు. తన పిల్లా బయటే ఉంది. దిగిపొమ్మని కాళ్లు లాగుతున్నాయి. పొద్దున ఆ పసిదానికీ ఇలాగే ఉండి ఉంటుంది. కళ్లద్దాలు చూడనట్టు దిగిపోతే అడిగేవాడు లేడు. అయినా అది ఆగింది. ఇంత పిల్ల, ఒంటరిగా, ఎవరూ చూడకుండా ఆగింది. కళ్లద్దాలమ్మ ఛాతీ పొంగిపోయింది.

అప్పుడు సీటు మీద చూసింది. ఇంటి తాళంచెవులతో సహా పెద్దపంతులమ్మ సంచి అక్కడే దర్జాగా కూర్చుని ఉంది.

బయట గార్డు ఈల ఊదాడు. ఈల వెంటే ఒక కేక వినపడింది. తలుపు దగ్గర పెద్దపంతులమ్మ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద పెట్టి, రెండు చేతులా కమ్మీలు పట్టుకుని నిలబడింది.

“మా మరదలు ఇంకా లోపలుంది! మాకో పద్ధతి ఉంది. ఆవిడ దిగకుండా ఈ బండి ఎలా కదులుతుందో నేనూ చూస్తాను!”

కళ్లద్దాలమ్మ దిగి సంచి ఆవిడ చేతిలో పెట్టింది. పెద్దపంతులమ్మ సంచిని చూసింది, మేనకోడలిని చూసింది. బండిని ఆపే హడావిడిలో, సంచి లోపలే ఉండిపోయిన సంగతే ఆవిడకి గుర్తులేదు మరి.

“ఏమిటలా చూస్తావు?” అని మరదలిని గదిమింది. “ఆ ప్రిన్సిపాల్‌కి ఫోన్ చెయ్యి. సాయంత్రమైపోవడంలేదూ?”

కళ్లద్దాలమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడే ఫోన్ చేసింది.

“పంపుతామండి. ఒక్కతే వస్తుంది,” అంది. గొంతులో పొద్దుటి ధీమా తిరిగొచ్చింది. కూతురి వైపు చూస్తూ ఇంకో మాట కలిపింది. “కాకపోతే మా అమ్మాయి అందరికన్నా చివర దిగుతుంది. కాస్త ఆలస్యమైతే కంగారు పడకండి.”