రెండు తోకలు, ఒక దవడ

ఏమయ్యా, ఆ నవ్వేంటి? 'పెద్ద ఇల్లు, పెద్ద ఇంట్లో' అంటూ 'పెద్ద'ను కదలకుండా కూర్చోబెట్టే మీ తెలుగువాళ్లకేం, సుఖపడ్డారు! మా ఫిన్నిష్‌లో ఇంటికి 'లో' అనే తోక తగిలిస్తే పెద్దకీ అదే తోక తగిలించాలి. 'ఇసొ తలొ' అంటే పెద్ద ఇల్లు. పెద్ద ఇంట్లో అనాలంటే 'ఇసొస్స తలొస్స'. మరి దవడ ఎలా పగిలిందంటావా? విను.

అడవిలో చెట్లు కొట్టే శిబిరంలో ఎల్యాస్‌ను మించిన ఆకతాయి లేడు. స్వీడిష్ మాట్లాడే సముద్రపు ఒడ్డు నుంచి యోస్తా కొత్తగా పనికొచ్చాడు. ఫిన్నిష్ రాదన్నాడు.

"నేను నేర్పుతా కదరా! పెద్దకి తోక అక్కర్లేదు, ఇంటికి పెడితే చాలు" అన్నాడు ఎల్యాస్.

భోజనాల దగ్గర యోస్తా "ఇసొ తలొస్స" అనగానే ఎల్యాస్ వాడి మూతి మీద ఒక్కటి గుద్దాడు.

"తప్పురా మొద్దూ!"

అందరూ పగలబడి నవ్వారు. బఠాణీ చారులో రక్తం కారింది. యోస్తా మూతి తుడుచుకుని ఆ చారే తాగాడు.

రోజూ ఇదే తంతు. వీడికి ఒక్క ముక్కా అర్థం కాదని ఎల్యాస్‌కు ధీమా వచ్చేసింది. వాడి ఎదుటే మిగతావాళ్లతో అనేశాడు: "పోయిన చలికాలం రూనె అని ఒకడుండేవాడు చూడు, గొడ్డలి కామతో వాడి దవడ ఇరగ్గొట్టింది నేనే!"

శనివారం సౌనాలో, అదే మా ఆవిరిస్నానాల గదిలో, ఎల్యాస్ పైమెట్టు మీద చెమటలు కక్కుతుంటే యోస్తా వచ్చి, కాలే రాళ్ల మీద నీళ్లు కుమ్మరించాడు.

"కూమస్స సౌనస్స ఎవరూ ఎవర్నీ కొట్టరు కదన్నా?"

వేడి సౌనాలో అని. అక్కడ చెయ్యెత్తకూడదని మా ఆచారం. వేడికీ తోక, సౌనాకీ తోక. ఎల్యాస్ దిగ్గున లేచి కూర్చున్నాడు.

"మా అమ్మది ఫిన్నిషే. రూనె నా తమ్ముడు. ఎవడు కొట్టాడో చెప్పడానికి వాడికి నోరు లేదు. నువ్వే చెప్పావు. కామ బయట గుమ్మం పక్కన మంచులో పెట్టా. బయటికెళ్లేదాకా వీపు రుద్దనా?"

నిజంగానే రుద్దాడు. మళ్లీ నీళ్లు కుమ్మరించాడు. మళ్లీ. ఒళ్లు బొబ్బలెక్కుతుంటే ఎల్యాస్ మనసులో లెక్క వేసుకున్నాడు: ముందు బయటికి ఉరికితే కామ నాదే!

దిసమొలతో ఉరికాడు. రెండు చేతులా మంచు తవ్వాడు. ఏమీ లేదు.

యోస్తా తాపీగా బయటికొచ్చి, కట్టెల కుప్పలోంచి కామ లాగి, దవడ పగిలేలా ఒక్కటిచ్చాడు.

"క్యుల్మస్స లుమెస్స, చల్లని మంచులో! రెండింటికీ తోక సరిగ్గా పెట్టానా గురువుగారూ?"

గురువుగారు తప్పు పట్టలేదు. పట్టడానికి దవడ ఉండాలిగా!