ఆటు వేళ

చింతపండు గుజ్జు తియ్యడానికి మావీ దీవి దాకా రానక్కర్లేదు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో వసుమతి వంటింట్లో ఇంతకన్నా పెద్ద సింకుంది. అయినా ఎనభై నాలుగో సంవత్సరం జూన్ నెలలో, కిటికీ అవతల పసిఫిక్ మహాసముద్రం తళతళలాడుతూ ఉంటే, ఆమె పొద్దున్నే లేచి హోటల్ గదిలోని బుల్లి వంటింట్లో చింతపండు పిసుకుతోంది. చేతులు గిన్నెలో ఉన్నాయి గానీ కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. నీళ్ళు వెనక్కి తగ్గుతున్నాయి. ఒడ్డున నల్లరాళ్ళు ఒక్కొక్కటే తల బయటపెడుతున్నాయి. ఇంకాసేపట్లో ఆటు పూర్తవుతుంది. ఈలోపు పులిహోర కలిపేస్తే ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళచ్చు. ఆమెకి ఈ ప్రయాణం మొత్తంలో కావలసింది ఆ కాసేపే.

ఇవాళ ఖాళీ రోజు. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో చివరి రోజుకి ఎదురుగా 'ఎట్ లీజర్' అని ఉంది. వసుమతి భర్త శ్యామ్‌సుందర్‌కి ఖాళీ అన్న మాటే గిట్టదు. డెట్రాయిట్‌లో కార్ల కంపెనీలో ఇంజనీరు, సెలవుల్ని కూడా అసెంబ్లీ లైను మీదే నడిపిస్తాడు. అగ్నిపర్వతం ఒకపూట, జలపాతం ఒకపూట, పడవ ఒకపూట. ఆ పూటలన్నిట్లోనూ వసుమతి ఉంది, ఫొటోల్లో కూడా ఉంది. ఒకదాంట్లో చేతిలో అత్తగారి కాఫీ ఫ్లాస్కు, ఇంకోదాంట్లో భుజం మీద కూతురి తడి టవల్. అగ్నిపర్వతం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, అక్కడ అత్తగారి చెప్పు తెగిందనే చెప్పగలదు.

నిన్న భోజనాల దగ్గర శ్యామ్‌సుందర్ అందర్నీ అడిగాడు. "రేపు ఫుల్ డే ఫ్రీ. ఎలా స్పెండ్ చేద్దాం?"

తొమ్మిదేళ్ళ విద్య పూల్ అంది. రాజమండ్రి నుంచి ఆర్నెల్లకని వచ్చిన అత్తగారు, కాళ్ళు పీకుతున్నాయి, గదిలోనే ఉంటానంది. వసుమతి పెరుగు వడ్డిస్తూ, ఎవరూ అడక్కపోయినా, "నేను పొద్దున ఆటు వేళకి ఆ రాళ్ళ దగ్గరికి వెళ్తానండీ," అంది.

"రాళ్ళ దగ్గర ఏముంది?"

"జీవాలుంటాయి. గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి కదా, వాటిల్లో. వాల్తేరులో వెళ్ళేవాళ్ళం."

శ్యామ్‌సుందర్ చెడ్డవాడు కాదు. ఈ మాట అతని గురించి అందరూ అంటారు, వసుమతే అందరికన్నా ముందు అనేది. ఉదారంగా చెయ్యి ఊపాడు. "దాందేముంది, వెళ్ళు! నిన్నెవరు ఆపారు? పొద్దున్నే కాస్త పులిహోర కలిపి పడేసి వెళ్ళిపో. అమ్మ బయటి తిండి తినదు కదా."

"నీ చేతి పులిహోర లేందే నాకు ముద్ద దిగదమ్మాయ్," అంది అత్తగారు మనస్ఫూర్తిగానే. ఆ మెప్పుకోలు వింటే వసుమతికి ఎప్పుడూ పొయ్యి దగ్గరికి ఇంకో అడుగు వేసినట్టే ఉంటుంది.

ఆ 'కాస్త పులిహోర' తెల్లారేసరికి ఎంతయిందో చూడండి. అత్తగారి కాఫీ, విద్య జడలు, శ్యామ్‌సుందర్ ఈత నిక్కరు ఎక్కడుందో వెతికి పెట్టడం, అది నిన్నటి ఇసకతోనే ఉంటే ఉతికి ఆరెయ్యడం. మధ్యమధ్యలో, "నువ్వు వెళ్తానన్నావు కదా, ఇంకా వెళ్ళలేదా?" అని ఆయనే కనుక్కోవడం. వసుమతి చింతపండు పిసుకుతూనే ఉంది. కిటికీలోంచి రాళ్ళని లెక్కపెట్టుకుంటోంది.

వాల్తేరులో ఆమె మెరైన్ జువాలజీ ఎమ్మెస్సీ చేసింది. క్లాసు మొత్తానికి ఇద్దరే ఆడపిల్లలు. పాఠం చెప్పే సుమతి మేడమ్ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, పీతలా పక్కకి పక్కకి నడుస్తూ లాసన్స్ బే రాళ్ళ మీదికి తీసుకెళ్ళేది. ఒకరోజు ఎవరికీ కనబడని ఒక జీవాన్ని, రాయి రంగులో రాయిలా పడుకున్నదాన్ని, వసుమతి చూపించింది. "నీకు కళ్ళున్నాయి వసుమతీ," అంది మేడమ్. అంతే. పెళ్ళిచూపుల్లో కళ్ళు బావున్నాయన్నారు, ఆ మాట వేరు. మేడమ్ అన్న మాట కడుపులో పెట్టుకుని ఆమె అమెరికా విమానమెక్కింది. వచ్చిన ఏడాదికే దగ్గర్లో ఉన్న యూనివర్సిటీలో సీటు వచ్చింది. "అప్పుడే ఎందుకు, కడుపుతో ఉన్నావు," అన్నాడు శ్యామ్‌సుందర్. తర్వాత, "విద్యని కాస్త నడవనీ." తర్వాత, "ఇల్లు కొన్నాక చూద్దాం." ఇల్లు కొన్నాక, ఒకరోజు కారు తుడుస్తూ, కోపం లేకుండా, మామూలుగా, "అయినా మిషిగన్‌లో సముద్రమెక్కడుంది వసూ? నీ చదువు ఇక్కడ ఎవరిక్కావాలి?" అన్నాడు. ఆ మాట ఆయనకి బాగా నచ్చినట్టుంది, పార్టీల్లో కూడా చెప్పేవాడు. "మా ఆవిడ చేపల మీద ఎమ్మెస్సీ, ఇంట్లో మాత్రం చేప వండదు!" అందరూ నవ్వేవాళ్ళు. వసుమతి బూరెలు వడ్డిస్తూ తనూ నవ్వేది. పగలు పళ్ళ డాక్టరు ఆఫీసులో ఫోన్లు ఎత్తేది. అక్కడ ఆమె పేరు పలకలేక 'వెస్సీ' చేశారు, దానికీ పలికేది. ఏం చేస్తున్నా లోపల ఒక ధీమా ఉండేది. నా చదువు నాకుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుంటాను అని.

నూనె కాగింది. ఆవాలు వేసింది, ఎండుమిరపకాయలు వేసింది, ఇంగువ వేసింది. తొందర్లో మంట తగ్గించడం మర్చిపోయింది. సొంత ఇంట్లో అయితే తాలింపు పెట్టేముందు పొగ అలారానికి ప్లాస్టిక్ టోపీ తొడుగుతుంది. అమెరికాలో ఉన్న ప్రతి తెలుగింటి ఆడదానికీ తెలిసిన పనే అది. ఇక్కడ టోపీ లేదు. మిరపకాయలు నల్లబడ్డాయి, పొగ ఒక్కసారిగా లేచింది, అలారం కూసింది. ఆ గదిలో ఒక్కచోటే కాదు, నాలుగంతస్తుల్లోనూ కూసింది.

హోటల్ మొత్తం పచ్చిక మీదికి వచ్చి నిలబడింది. సబ్బు నురగతో ఒకాయన, తల నిండా రోలర్లతో ఒకావిడ, మధ్యలో కాఫీ గ్లాసు పట్టుకుని అత్తగారు. అందరూ దగ్గుతున్నారు, ఇంగువ ఊరికే పోదు. ఫైరింజన్ వచ్చింది. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు భారీ మనుషులు లోపలికి వెళ్ళి, బాణలిని చూసి తిరిగొచ్చారు. ఒకతను వసుమతిని చూసి, "స్మెల్స్ గుడ్, మేడమ్," అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కన శ్యామ్‌సుందర్ మేనేజరుతో మాట్లాడుతున్న మాట వినబడింది.

"వెరీ సారీ సర్. ఇట్స్ మై వైఫ్. షి ఈజ్ నాట్ ఎడ్యుకేటెడ్ ఇన్ దీజ్ థింగ్స్."

ఆ వాక్యంలో చివరి మాటలు కూడా ఉన్నాయని ఆమెకి తెలుసు. కానీ చెవిలో మిగిలినవి 'నాట్ ఎడ్యుకేటెడ్' అన్నవే.

"నలుగుర్లో నా పరువు తీశావు కదా," అన్నాడు ఆమె వైపు తిరిగి, తెలుగులో, పళ్ళు కనబడేలా నవ్వుతూనే. మేనేజరు ఇంకా చూస్తున్నాడు మరి.

అందర్నీ లోపలికి పంపించేసరికి బాగా పొద్దెక్కింది. వసుమతి మాడిన తాలింపు పారబోసి, కిటికీలు తీసి, మళ్ళీ తాలింపు పెట్టి, పులిహోర కలిపింది. కలిపే వెళ్ళింది. అలా వదిలేసి వెళ్ళిపోవచ్చని ఆమెకి ఆ క్షణాన తోచనే లేదు. తర్వాత చాలా రోజులు ఆమెని బాధపెట్టిన విషయం అదే.

రాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పటికి నీళ్ళు తిరిగొస్తున్నాయి. విద్య వెనకే పరిగెత్తుకొచ్చింది. ఇంకా మునగని గుంట ఒక్కటి దొరికింది. వసుమతి చీర ఎత్తి దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. ముందు ఏమీ కనబడలేదు. కాసేపటికి నీళ్ళు తేటపడ్డాయి. నాచు పక్కన రాయి కదిలింది. అది రాయి కాదు, మెత్తగా, మచ్చలు మచ్చలుగా, తలమీద రెండు చెవుల్లాంటివి నిక్కబెట్టుకుని పాకుతున్న జీవం. వాల్తేరులో ఆ రోజు చూపించింది దీన్నే. దీన్నే కోసి, నరాలు విడదీసి, బొమ్మ గీసి పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకుంది.

"అమ్మా, ఇట్ హాజ్ ఇయర్స్!" విద్య అరిచింది. "దీని పేరేంటి?"

వసుమతి నోరు తెరిచింది.

పేరు రాలేదు. నాలుక చివరే ఉంది, రాలేదు. పోనీ దాని కుటుంబం పేరు, జాతి పేరు. ఏదీ రాలేదు. ఆ పేరు ఏమిటో ఈ కథ చెబుతున్న నాకు తెలుసు. కానీ ఆమెకి రానిది నేను అందించడం మర్యాద కాదు. ఆమె చెయ్యి నీళ్ళలో పెట్టి దాన్ని మెల్లిగా తాకింది. అది బెదిరి ఊదారంగు సిరా కక్కింది. గుంటంతా వంకాయ రంగయింది. సిరా కక్కుతుందని గుర్తుంది, ఎందుకు కక్కుతుందో గుర్తుంది. పేరొక్కటే లేదు.

"డాడీ చెప్పారు నీకు మాస్టర్స్ ఉంది అని. డిడ్ యూ ఫర్గెట్?"

"మర్చిపోయానమ్మా."

"ఇట్స్ ఓకే అమ్మా," అంది విద్య, తల్లి మొహం చూసి భయపడి. "నేను కూడా స్పెల్లింగ్స్ మర్చిపోతాను."

వసుమతి ఏడ్చింది. బిడ్డ ముందు ఏడవకూడదనుకుంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళూ తన చదువుని ఎవరో తీసి పక్కన పెట్టారనుకుంది. పక్కన పెట్టినా భద్రంగానే ఉందనుకుంది. ఎప్పుడో కట్టుకుందామని పెట్టెలో దాచిన పట్టుచీర తీసి చూస్తే, మడత మడతకీ చిరిగిపోయి ఉన్నట్టుంది ఆమెకి. భర్త మీద కోపమైతే ఓర్చుకోగలిగేది, అది అలవాటే. ఇది కోపం కాదు. ఇందులో నిందించడానికి ఎవరూ దొరకడంలేదు. ఆయన వద్దన్నప్పుడల్లా సరేనన్నది ఈ నోరే. ఇప్పుడు పేరు చెప్పలేకపోయిందీ ఈ నోరే. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది. విద్య ఆమె కొంగు గట్టిగా పట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నం పులిహోర తింటూ విద్య అమాయకంగా చెప్పేసింది. "డాడీ, అమ్మకి దాని పేరు తెలీలేదు. షి క్రైడ్."

శ్యామ్‌సుందర్ గట్టిగా నవ్వాడు. "మీ అమ్మ ఎమ్మెస్సీ అంతా తాలింపులో పోయిందమ్మా!" అత్తగారూ నవ్వింది. పదేళ్ళ అలవాటుకొద్దీ వసుమతీ నవ్వడం మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. ఆగిందని ఎవరూ గమనించలేదు. ఆమె చెయ్యి కడుక్కుని, లాబీలోకి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళింది. చాలాసేపటికి తిరిగొచ్చింది.

పొద్దు వాలింది. శ్యామ్‌సుందర్ సూట్‌కేసులు సర్దుతూ, "వసూ, రేపు ఫ్లైట్‌లోకి దద్దోజనం కలుపు. అమ్మ అక్కడేమీ ముట్టదు," అని, తర్వాత గుర్తొచ్చి, కాస్త మెత్తగా, "వచ్చే ఏడు ఫ్లోరిడా వెళ్దాంలే. అక్కడా సముద్రముంది, చూద్దువుగాని," అన్నాడు.

వసుమతి స్టీలు గ్లాసు తీసుకుని బియ్యం కొలిచింది. అత్తగారు పక్కన నిలబడి ఆమె వేళ్ళు చూసింది. "ఆ రంగు చేత్తో బియ్యం ముట్టుకుంటావేమిటమ్మాయ్? కడుక్కోకూడదూ?"

"కడిగానండీ. పోవడంలేదు."

అత్తగారు గిన్నెలోకి తొంగిచూసింది. "ఇవేం సరిపోతాయి నలుగురికి? ఇంకో గ్లాసు పొయ్యి."

"ముగ్గురికేనండి."

శ్యామ్‌సుందర్ సూట్‌కేసు మూత పట్టుకుని ఆగిపోయాడు. "ముగ్గురేమిటి?"

"మీరూ, విద్యా, అత్తయ్యగారూ. నేను రేపు రావడంలేదు. ఎల్లుండి విమానంలో సీటుంది, కింద నుంచి ఫోన్ చేసి మార్చుకున్నాను. గది కూడా ఇంకో రోజు ఉంచుతామన్నారు. రేపటి ఆటు మీ విమానం ఎగిరాక వస్తుంది."

"నీకేమన్నా మతిపోయిందా వసూ? ఒక్కదానివీ ఆ రాళ్ళ దగ్గర కూర్చుని ఏం చేస్తావు? దాని పేరు కూడా గుర్తులేదుగా నీకు!"

"అందుకేనండీ," అంది వసుమతి, బియ్యంలో నీళ్ళు పోస్తూ.